హైమవతి గారి వంతు

పాలకొల్లు కాలవగట్టున మూతబడిన బియ్యం మిల్లు ఒకటి ఉంది. అందులో ఒక పరిశోధనశాల పెట్టారు. దాని గోడలు చిలకపచ్చ, కిటికీలు గులాబీ. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా ముందు నవ్వేవారు, ఆ తర్వాత కళ్ళు నులుముకునేవారు. లోపల పనిచేసే నలుగురికీ ఆ రంగులంటే ఒళ్ళుమంట. కానీ వేయించింది ఆ నలుగురే.

అదెలా జరిగిందంటే, పెయింటరు రంగుల అట్ట తెచ్చిన రోజున శాలకు పెద్ద అయిన ప్రభాకరం గారు, "ఈ చిలకపచ్చ చూశారూ, ఎలా ఉందంటారు?" అన్నారు. ఎంత ఘోరంగా ఉందో చూడండి అని ఆయన భావం. లెక్కలు చూసే రెహానా, సార్‌కి నచ్చింది కాబోలనుకుని, "బానే ఉంది సార్" అంది. ఇనప పని, చెక్క పని చూసే రత్నం, ఇద్దరికీ నచ్చాక మధ్యలో నాదేముందిలే అనుకుని, "మీ ఇష్టమండి, ఆయ్" అన్నాడు. మిగిలింది హైమవతి. ఆమెకు ఆ రంగు చూడగానే కళ్ళు మూసుకోవాలనిపించింది. అయినా ముగ్గురూ ఒక్కమాట మీద ఉన్నప్పుడు తనొక్కతీ కాదంటే మనసులు ఎక్కడ విరుగుతాయో అని భయపడి, ఆ భయంలో అవసరం లేని మాట కూడా ఒకటి కలిపేసింది. "కిటికీలకు గులాబీ వేస్తే ఇంకా నిండుగా ఉంటుంది."

రంగులు ఆరాక నలుగురూ టీ గ్లాసులు పట్టుకుని గోడలకేసి చూస్తూ నిలబడ్డారు. చివరికి రత్నమే అడిగాడు.

"ఇంతకీ ఇది మనలో ఎవరిక్కావాలండీ?"

ఎవరికీ అక్కర్లేదు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఒప్పుకుంటుంటే రెహానా నవ్వి నవ్వి నేలమీద కూలబడింది. హైమవతి కూడా నవ్వింది గానీ మధ్యలోనే ఆగిపోయింది.

"గోడ కాబట్టి సరిపోయింది. ఇదే ఏ వంతెనో, ఏ ఆపరేషనో అయితే? అందరం మీ ఇష్టం, మీ ఇష్టం అనుకుంటూ ఎవరికీ ఇష్టంలేని గోతిలోకి దిగిపోమూ?"

హైమవతి ఆ తర్వాత చేసిన దీపం ఆలోచన పుట్టింది అక్కడే.

హైమవతికి అరవై దగ్గరపడింది. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి, ఆ తర్వాత మనిషి ఒంట్లో కలిగే చిన్న చిన్న మార్పులను పట్టే పరికరాల మీద పడింది. భయస్తురాలు. ఇంట్లోంచి బయల్దేరి వీధి మలుపు దాకా వచ్చి, గ్యాసు కట్టానో లేదో అని వెనక్కి వెళ్ళే రకం. తండ్రి రైల్వే గార్డు. ఆయనకు బదిలీ అయినప్పుడల్లా చదివే బడీ, స్నేహితులూ మారిపోయేవారు. ప్లాట్‌ఫారం మీద చెయ్యి ఊపుతూ చిన్నవైపోయే మనుషులను చూసి చూసి, పెద్దయ్యాక ఆమె ఎవరినీ సాగనంపడం మానేసింది. ఇంటికొచ్చిన చుట్టాలు వెళ్తుంటే వాకిట్లోకి రాకుండా వంటింట్లో దూరి గ్లాసులు కడిగేది. శుభ్రంగా ఉన్న గ్లాసులు కూడా.

ఆమె చేసిన దీపం చూడ్డానికి చాలా మామూలుగా ఉండేది. బల్ల చుట్టూ నాలుగు రాగి పలకలు. నడుమ ఒక లాంతరు గాజుబుడ్డి, దాంట్లో సన్నటి తీగ. మనుషులు పలకల మీద అరచేతులు ఆనించి ఏదైనా సంగతి మీద అవునో కాదో చెప్పాలి. నోరు అవునంటూ ఉండగా లోపల ఎవరైనా కాదనుకుంటే, అరచేతికి పట్టే చెమ్మనీ, ఆగిన ఊపిరినీ, నాడి తడబాటునీ రాగి పలక పసిగడుతుంది. దీపం తేనెరంగులో వెలుగుతుంది. మనసులో ఏమీ దాచుకోకపోతే వెలగదు. రత్నం దానికి నసుగుడు దీపం అని పేరుపెట్టాడు.

ఒక్క విషయంలో మాత్రం హైమవతి పట్టు విడవలేదు. పలకల నుంచి వచ్చే నాలుగు తీగలనూ బల్లకిందే కలిపి పేని, ఒకే తీగగా చేసి దీపానికి తగిలించింది.

"ఎవరో ఒకళ్ళు నసుగుతున్నారని తెలిస్తే చాలు. ఎవరో తెలియక్కర్లేదు. అది తెలిసే దీపమైతే నేను చెయ్యను. పాపం, ఆ మనిషిని పీక్కుతింటారు."

"మరి ఎవరి నసుగుడో ఎలా తేలుతుంది ఆంటీ?" అంది రెహానా.

"దీపం వెలిగిందని అందరూ చూస్తారుగా. అప్పుడు ఆ మనిషే నోరు విప్పుతుంది. విప్పకపోతే ఇంకాస్త టీ పోసి మళ్ళీ అడుగుతాం."

టీ ఆ శాలలో చట్టంలాంటిది. నలుగురూ కూర్చుంటేనే టీ, టీ ఉంటేనే నిర్ణయం. ఒక్కరు రాకపోయినా ఆ పూట ఏదీ తేల్చేవారు కాదు. హైమవతి సెలవు పెట్టేది కాదు. తను లేనప్పుడు ఏం జరిగిపోతుందో అని ఆమె భయం.

దీపాన్ని ఊళ్ళోవాళ్ళ మీద పరీక్షించారు. పెళ్ళిళ్ళకు వండే వంటవాళ్ళ బృందం వచ్చి కూర్చుంది. "రేపటి బూరెలకు ఈ నూనే వాడదామా?" అని పెద్దవంటాయన అడిగితే అందరూ అలాగేనన్నారు. దీపం భగ్గుమంది. రెండో గ్లాసు టీకి ఒకడు గొణిగాడు, నూనె వాసనొస్తోందని. తీరా చూస్తే ఆ సంగతి అందరికీ తెలుసు, పెద్దవంటాయనతో సహా. మర్నాడు కొత్త నూనెలో వేగిన బూరెలు ఒక బుట్టెడు మిల్లుకు చేరాయి.

అన్నీ బూరెలతో ముగియలేదు. బట్టలకొట్టు పెట్టుకున్న బావా బావమరుదులు వచ్చి, "ఎప్పటికీ కలిసే చేద్దాం కదా" అని నవ్వుతూ అరచేతులు ఆనించారు. దీపం వెలిగింది. టీ తాగారు, మళ్ళీ వెలిగింది. వారం తిరక్కుండా కొట్టు రెండయింది. ఇద్దరూ సుఖంగానే ఉన్నారు, వ్యాపారం కూడా పెరిగింది. హైమవతి మాత్రం ఆ రెండు బోర్డులూ కనిపించకుండా చుట్టుతిరుగుడు దారిలో ఇంటికి వెళ్ళేది.

ఒక ఆదివారం దీపాన్ని ఇంటికి తెచ్చింది. రెండు పలకలు తగిలించి, భర్త విశ్వేశ్వరం గారిని కూర్చోబెట్టింది. ఆయన పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు. ఏమడిగినా "నీ ఇష్టమే" అనడం ఆయన పద్ధతి.

"కాకరకాయలు తెచ్చాను. పులుసు పెట్టనా?"

"నీ ఇష్టమే హైమా."

దీపం గది నిండా వెలిగింది. విశ్వేశ్వరం గారు చెయ్యి లాక్కున్నారు.

"ఏవండీ! కాకరకాయ మీకిష్టం కాదూ?"

"అంటే... అయిష్టమని కాదు..."

"చెయ్యి పెట్టి చెప్పండి."

ఆయన పెట్టలేదు. "నాకు చిన్నప్పట్నుంచీ పడదే. నువ్వు అంత ముచ్చటపడి చేస్తావు కదా అని తింటున్నాను."

"నేనా, ముచ్చటా? నాకు ఆ వాసనే గిట్టదు. మా వాడికి కాకరకాయంటే ప్రాణం అని పెళ్ళైన కొత్తలో మీ అమ్మగారే చెప్పారు."

"మా అమ్మకిష్టం. తను తినాలంటే వండాలి కదా, అందుకు నా పేరు చెప్పుంటుంది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో తిన్న కాకరకాయలన్నీ వరసగా కళ్ళముందు నడిచిపోయాయి. ముందు నవ్వింది ఆయనే. ఆ కాయలు పక్కింటికి పంపి ఆ పూట బంగాళదుంపలు వేయించుకున్నారు.

దీపం సంగతి నోటా నోటా పాకి బెంగుళూరులో ఒక పెద్ద కంపెనీకి చేరింది. వాళ్ళ తరఫున వాసంతి గారని ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, మాట చురుకు. గోడలు చూసి నవ్వింది, కళ్ళు నులుముకుంది, దీపం చూసి మాత్రం సీరియస్ అయిపోయింది.

"ప్రతి ఆఫీసులో, ప్రతి ఫ్యాక్టరీలో ఇలాంటి బల్ల ఉండాలండీ. ఇంత మంచి చేతులు ఒక్కచోటే ఎందుకు? ప్రభాకరం గారు ఢిల్లీలో ఉండి సలహాలు చెప్తారు. రెహానా బెంగుళూరు. రత్నం గారు చెన్నైలో తయారీ చూస్తారు. హైమవతి గారు హైదరాబాదులో శిక్షణ ఇస్తారు. నాలుగు ఊళ్ళు, నాలుగు మంచి పోస్టులు. ఆలోచించుకోండి."

"ఆలోచించేదేముంది, ఇంత మంచి అవకాశం!" అన్నారు ప్రభాకరం గారు. మిగతా ముగ్గురూ బాగుంది అంటే బాగుంది అన్నారు. రత్నం మిఠాయి తెచ్చాడు. హైమవతి అందరి గ్లాసులూ కడిగింది. ఆ తర్వాత కడిగినవే మళ్ళీ కడిగింది.

మర్నాటి నుంచి దీపం ఆరడం మానేసింది.

నలుగురూ కూర్చుని చేతులు ఆనించగానే వెలిగేది. ఏమడిగినా వెలిగేది. "ఇవాళ టీలో అల్లం వేద్దామా?" అంటే నలుగురూ వేద్దామన్నారు. దీపం వెలిగింది. రత్నం తీగలన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. రెహానా లెక్కలన్నీ మళ్ళీ చూసింది. తప్పు ఎక్కడా లేదు. వంటవాళ్ళను పిలిచి కూర్చోబెడితే బుద్ధిగా ఆరుతోంది, వెలుగుతోంది. వీళ్ళు నలుగురూ కూర్చుంటేనే ఈ గొడవ.

ముగ్గురూ మెల్లగా తలలు తిప్పి హైమవతి వైపు చూశారు. అప్పటికే ఆమె తల వంచుకుని ఉంది.

"నాదేనర్రా. నేనెప్పుడు నిశ్చింతగా ఉన్నాను గనక? మీరంతా తలో ఊరూ వెళ్ళిపోతారని నిన్నటి నుంచి నాకు ఒకటే గుండెదడ. అల్లం గురించి అడిగినా నా చెయ్యి ఆ సంగతే చెబుతోంది."

"అయ్యో, దానికంత బాధపడకండి మేడంగారూ," అన్నాడు రత్నం. "ఎల్లిపోతే మాత్రం ఫోన్లు లేవేంటి?"

"కొట్లో పప్పు తూచేటప్పుడు ఖాళీ గిన్నె బరువు ముందే తీసేస్తారు చూడండి. అలా నా దిగులు ముందే తీసేసి, ఆ తర్వాత మిగిలింది చూసుకోండి."

రెహానా పెన్ను కొరుకుతూ ఆలోచించింది. "తీగలు కలిసిపోయాయి కదా ఆంటీ. మీ ఒక్కరిది విడిగా తీయలేను. మొత్తంలోంచి కొంత తగ్గించొచ్చు, అంతే."

"అదే తగ్గించు తల్లీ. ఆ కొంతా నాదే."

మిగతా ముగ్గురిలో ఎవరూ కాదనలేదు. రత్నం పాత కుళాయి నుంచి ఇత్తడి పిడి ఒకటి ఊడదీసి, నున్నగా రుద్ది, దీపం అడుగున బిగించాడు. కుడికి తిప్పితే వెలుగు తగ్గుతుంది. దానికి హైమవతి గారి వంతు అని పేరు పడింది. రోజూ పొద్దున్నే ముందు హైమవతి గారి వంతు తిప్పడం, దీపం ఆరాక టీ పోసుకోవడం అలవాటైంది. ఇక పనులన్నీ చకచకా తేలిపోసాగాయి. ఏమడిగినా నలుగురూ సరేననడమే, దీపం ఆరి ఉండటమే.

కాకపోతే పిడిని రోజురోజుకీ ఇంకాస్త ఎక్కువ తిప్పాల్సి వస్తోంది.

"ఆంటీ, మీ వంతు పెరుగుతోంది!" అని రెహానా వేళాకోళమాడేది.

"కాలవగట్టున నడకకెళ్ళండి మేడంగారూ. మా ఆవిడ తేనె నిమ్మరసం తాగమంటోంది," అని రత్నం.

హైమవతి నడకకు వెళ్ళింది, నిమ్మరసం తాగింది, ఊపిరి బిగబట్టి వదలడం నేర్చుకుంది. నిజానికి ఆమెకు దిగులు నిన్నటికన్నా ఎక్కువేమీ అనిపించడం లేదు. ఉన్నదే ఉంది. కానీ దీపం అబద్ధం చెప్పదు కదా, నాకే నా లోపల ఏముందో తెలియడం లేదు కాబోలు అనుకుంది.

వాసంతి గారు మళ్ళీ వచ్చింది. ఈసారి ఒప్పందం పట్టుకొచ్చింది. ఆవిడ షరతు ఒక్కటే.

"మీరు చేసిన దీపం ముందే మీరు సరేనండి. రేపు పొద్దున నలుగురూ కూర్చోండి. దీపం ఆరి ఉంటే సంతకాలు. వెలిగితే నేను కాఫీ తాగి వెళ్ళిపోతాను. చేసినవాళ్ళ నిర్ణయానికే పనికిరాని దీపాన్ని ఎవరు కొంటారు చెప్పండి?" అంటూ వంగి చూసింది. "ఈ పిడి ఏంటి?"

హైమవతే చెప్పింది. వాసంతి గారు నవ్వలేదు.

"నేను కొనేది దీపాన్ని. మధ్యలో దాని నోరు నొక్కే పిడిని కాదు. రేపు దాన్ని పూర్తిగా ఎడమకు తిప్పేసి కూర్చోండి."

ఆ సాయంత్రం హైమవతి ఇంటి వరండాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఈనెలు గిన్నెలోనూ కాయలు చెత్తలోనూ వేస్తోంది. విశ్వేశ్వరం గారు వాటిని ఏరి అటూ ఇటూ మారుస్తూ పక్కనే కూర్చున్నారు.

"రేపు నేను బల్ల దగ్గర కూర్చుంటే వాళ్ళ బతుకులు పాడైపోతాయండీ. రెహానాకి ఇంత వయసులో అంత పోస్టు. రత్నం చేతి పనిని ఈ ఊళ్ళో ఎవరు గుర్తిస్తారు? ప్రభాకరం గారికి పేరొచ్చే రోజు ఇన్నాళ్ళకొచ్చింది. నా పాడు భయం అన్నిటికీ అడ్డం."

"అయితే ఏం చేస్తావు?"

"తప్పుకుంటాను. నా స్థానంలో ఇంకెవర్నైనా తీసుకోమని వాసంతి గారికి చెప్తాను. వాళ్ళు ముగ్గురూ సరేనంటే చాలు."

ఆయన ఒక చిక్కుడుకాయను వేళ్ళమధ్య తిప్పారు. "నువ్వు లేకుండా వాళ్ళు టీ తాగరు కదే."

"రేపటి నుంచి ఎలాగూ ఎవరి టీ వాళ్ళదే."

అన్నాక ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది.

మర్నాడు పొద్దున మిల్లులో ఆమె చెప్పాల్సింది చెప్పేసింది. ప్రభాకరం గారు, "అదేంటండీ హైమవతి గారూ..." అని మొదలుపెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రత్నం దీపం పిడిని పూర్తిగా ఎడమకు తిప్పాడు. రెహానా ఆమె మొహం చూడకుండా నాలుగో పలకను గుడ్డతో తుడుస్తూనే ఉంది. వాసంతి గారు కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని దూరంగా కుర్చీలో కూర్చుంది.

హైమవతి ఎవరికీ వెళ్ళొస్తాననలేదు. అలమరలోంచి తన ఆవకాయ జాడీ ఒక్కటి తీసుకుంది. మధ్యాహ్నం నలుగురూ పంచుకునే జాడీ అది, మూత పగిలి కాగితం కట్టి ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని మిల్లు ఆవరణలో పూర్వం ధాన్యం ఆరబోసే అరుగు మీద కూర్చుంది. లోపలి మాటలు వినిపించడం లేదు. గులాబీ రంగు కిటికీ మాత్రం కనిపిస్తోంది.

కాసేపటికి ఆ కిటికీ అద్దం తేనెరంగుకు తిరిగింది.

ఇదీ తన వల్లే అనుకుంది ఆమె. మరీ దగ్గరగా కూర్చున్నానేమో! రాగి పలక మీద చెయ్యి ఉంటే తప్ప దీపానికి ఏమీ తెలియదని ఆమెకు తెలుసు. చేసిందే ఆమె. అయినా లేచి గేటు దాకా వెళ్ళింది. వెనక్కి తిరిగి చూస్తే కిటికీ ఇంకా వెలుగుతూనే ఉంది. గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. వెలుగుతూనే ఉంది. కాలవ వంతెన ఎక్కింది. కిందినుంచి సౌరపడవ ఒకటి కొబ్బరికాయల లోడుతో చప్పుడు లేకుండా పోతోంది. పడవవాడు తలెత్తి, "ఎక్కడికమ్మా అంత అంగలేసుకుంటూ?" అని అరిచాడు.

"దూరంగా నాయనా!" అంది ఆమె జాడీ పొదివి పట్టుకుని.

వంతెన దిగుతుండగా వెనకనుంచి సైకిలు బెల్లు ఆగకుండా మోగింది. రత్నం. చొక్కా బొత్తాలు ఊడిపోయి, రొప్పుతూ, సైకిలు దిగకముందే అడిగాడు.

"మేడంగారూ! మీ చెయ్యి ఎక్కడుంది?"

"నా చెయ్యా? జాడీ మీదుంది. ఏం?"

"రెండోది?"

"అదీ జాడీ మీదే. ఏమైంది రత్నం, దీపం పాడైందా?"

"పాడైందో బాగైందో మీరే వచ్చి చూడాలి. మీరు గదిలో లేరు. పిడి తిప్పలేదు. వాసంతి గారి రెండు చేతులూ కాఫీ గ్లాసు మీదున్నాయి. మేం ముగ్గురం చేతులు పెట్టి సరేనన్నాం. మీరున్నప్పుడు ఎంత వెలిగిందో అంతా వెలుగుతోందండి! నేనైతే బల్లకింద మీరేవన్నా దాక్కున్నారేమోనని వంగి చూశాను కూడాను."

హైమవతి వంతెన పిట్టగోడను పట్టుకుంది. "అయితే ఇన్నాళ్ళూ పిడి తిప్పి తీసేసింది..."

"మాదేనండి," అన్నాడు రత్నం, తల గోక్కుంటూ. "అంటే మీదీ ఉండుంటుంది. కానీ మొత్తం మీ పేరు మీద రాసేశాం. ఎక్కండి, కారియర్ మీద కూర్చోండి."

"పడతానేమో."

"పడరు. ఆ జాడీ మాత్రం గట్టిగా పట్టుకోండి."

ఆమె ఎక్కింది. సైకిలు వంతెన మీదుగా వంకరటింకరగా వెళ్తుంటే పడవవాడు ఈసారి ఏమీ అడగలేదు, చెయ్యి మాత్రం ఊపాడు.

లోపల ప్రభాకరం గారు నిలబడే ఉన్నారు. ఆమెను చూడగానే గోడల వైపు చెయ్యి చూపించారు.

"మళ్ళీ చిలకపచ్చే హైమవతి గారూ! నేను ముందు మంచి అవకాశమన్నాను, అందరూ అవునన్నారు. నాకేమో ఢిల్లీ పేరు చెబితేనే జలుబు చేస్తుంది. రెహానాకి, రత్నానికి అడ్డుపడకూడదని అలా అనేశాను."

"నేను సార్‌కి అడ్డుపడకూడదని," అన్నాడు రత్నం. "చెన్నైలో నాకు ఎవరు తెలుసండీ? సుత్తి ఎక్కడ పెట్టానో మర్చిపోతే చెప్పేవాళ్ళు కూడా ఉండరు."

"నేను ఎక్కువ తిప్పినప్పుడల్లా ఆంటీని ఏడిపించాను," అంది రెహానా. ముక్కు ఎర్రబడింది. "ఆ పిడిలో నాదే ఎక్కువేమో."

వాసంతి గారు ఖాళీ కాఫీ గ్లాసు కిందపెట్టింది. వెళ్ళిపోతుందేమోనని అందరూ చూశారు. ఆవిడ నవ్వుతోంది.

"నేను చాలా ఆఫీసులు చూశాను. ప్రతిచోటా ఒక హైమవతి గారుంటారు. అందరి భయమూ ఆవిడ మీద పెట్టేసి మిగతావాళ్ళు ధైర్యంగా తిరుగుతారు. మీ దీపం అది పట్టేసింది. ఇంతకంటే రుజువు నాకక్కర్లేదు. ఇప్పుడు చెప్పండి, మీకేం కావాలి?"

నాలుగు గ్లాసుల టీ, ఆవిడకు మరో కాఫీ అయ్యేసరికి కొత్త మాట కుదిరింది. దీపాలు ఈ మిల్లులోనే తయారవుతాయి. కంపెనీ వాటిని కొని ఊరూరా పెడుతుంది. పోస్టులు లేవు, పెద్ద పేరూ లేదు.

"సరేనా?" అన్నారు ప్రభాకరం గారు. నలుగురూ అరచేతులు ఆనించి సరేనన్నారు.

దీపం సన్నగా, నిప్పుకణికంత వెలిగింది.

ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. అందరూ టీ గ్లాసుల్లోకే చూశారు. పద్ధతి ప్రకారం రత్నం ఇంకాస్త టీ పోశాడు.

"నాది," అంది రెహానా చివరికి, చాలా మెల్లగా. "నాకు బెంగుళూరు వెళ్ళాలని ఉంది. అక్కడ దీపాలు పెట్టేవాళ్ళకు నేర్పాలని ఉంది. మిమ్మల్ని వదలాలని కూడా లేదు. రెండూ నిజమే సార్. ఏది చెప్పినా ఇంకోటి అబద్ధమవుతుందని ఊరుకున్నాను."

హైమవతి కాళ్ళు వాటంతటవే వంటగట్టు వైపు తిరిగాయి. అక్కడ కడగాల్సిన గ్లాసులు బోలెడున్నాయి. ఆమె లేవలేదు. అరచేతిని రాగి పలక మీద ఇంకొంచెం గట్టిగా ఆనించింది.

"వెళ్ళిరా రెహానా," అంది.

గాజుబుడ్డి నిండా వెలుగు లేచింది. ఇన్నాళ్ళలో ఎన్నడూ అంత వెలగలేదు. తేనెరంగు ఆమె మొహం మీద, తెల్లజుట్టు మీద, పాడు చిలకపచ్చ గోడల మీద పడి ఆ గోడలు కూడా ఒక్క క్షణం అందంగా కనిపించాయి. రెహానా కంగారుగా, "వద్దులే ఆంటీ, నేను వెళ్ళను..." అనబోయింది.

"చెయ్యి తియ్యకు. నేనూ తియ్యను," అంది హైమవతి. "ఈసారి ఇది ఎవరిదని వెతకక్కర్లేదు. నాదే. నాకు దిగులుగానే ఉంది, ఉంటుంది. దీపం వెలిగిందంటే వద్దని కాదు తల్లీ, దిగులుందని. దిగులుతోనే చెప్తున్నాను. వెళ్ళు."

దీపం వెలుగుతూనే ఉంది. రెహానాకు బెంగుళూరులో నేర్పే పనిని కూడా ఒప్పందంలో చేర్చి, ఆ వెలుగులోనే నలుగురూ సంతకాలు చేశారు. వాసంతి గారు తన కాగితాల మీద పడ్డ ఆ వెలుగును చూసి, దీన్ని ఆర్పండి అని అనలేదు.

రెహానా బయల్దేరిన రోజున పాలకొల్లు స్టేషన్‌లో పెద్ద గుంపు లేదు. ప్రభాకరం గారు, రత్నం, విశ్వేశ్వరం గారు, ఆయన పక్కన హైమవతి. ఇంట్లో గ్యాసు కట్టానా అని దారిలో రెండుసార్లు అడిగింది, రెండోసారి ఆయన జేబులోంచి గ్యాసు పొయ్యి లైటరు తీసి చూపించారు. ఆవకాయ జాడీ రెహానా సంచిలో సర్దారు. దానికి కొత్త చెక్కమూత, మూత మీద పట్టుకోవడానికి నున్నగా రుద్దిన ఇత్తడి పిడి.

"ఇది దీపానిది కదూ?" అంది రెహానా.

"దానికిక పన్లేదు. కుడికి తిప్పితే బిగుస్తుంది, ఎడమకు తిప్పితే ఊడుతుంది. అంతకుమించి ఏం చెయ్యదు," అన్నాడు రత్నం. "ఖాళీ అయ్యాక పట్రా. మేడంగారు మళ్ళీ నింపుతారు."

బండి కదిలింది. హైమవతికి మొహం పక్కకు తిప్పుకోవాలనిపించింది. తిప్పుకోలేదు. కిటికీలోంచి ఊగుతున్న చెయ్యి బొటనవేలంతై, చుక్కంతై, మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా కళ్ళార్పకుండా చూసింది. తనూ చెయ్యి ఊపింది, బండి పోయాక కూడా కాసేపు.

"ఇక పదండి," అన్నారు ప్రభాకరం గారు. "కాంటీన్లో టీ తాగుదామా?"

"నలుగురం ఉన్నాంగా," అన్నాడు రత్నం విశ్వేశ్వరం గారిని లెక్కలో కలుపుకుంటూ. "అల్లం వేయించమంటారా మేడంగారూ?"

"మీ ఇష్..." అని హైమవతి ఆగింది. "వద్దు. నాకు అల్లం టీ ఎప్పుడూ నచ్చదు రత్నం. యాలక్కాయ వేయించు."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు విశ్వేశ్వరం గారు నవ్వారు, ఆ తర్వాత అందరూ. అల్లం మానుకోవచ్చని తెలిసి అందరికన్నా ఎక్కువ సంతోషించింది ప్రభాకరం గారే.